ఎఱ్ఱకన్ను వెనుక దాగు కణితి

పసిబిడ్డ కన్ను ఎఱ్ఱబడినచో ఇంటిల్లిపాదికిని ముందుగా తోచునది కండ్లకలక. తల్లిపాలు పిండుమని ఒకరు, నందివర్ధనపు పూలరసము వేయుమని ఒకరు చెప్పుదురు. చాలవరకు అది కండ్లకలకయే. కొలది దినములలో తగ్గిపోవును. కాని అరుదుగా ఆ ఎఱ్ఱదనము వెనుక, కంటిలోపల పెరుగుచున్న కణితి దాగియుండును. మారువేషము వేసికొని వచ్చు ఆ వ్యాధిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

దాని పేరు రెటినోబ్లాస్టోమా. కనుగ్రుడ్డు లోపల వెనుకవైపున వెలుగును గ్రహించు పలుచని పొర రెటీనా. అందు పుట్టు కాన్సరు ఇది. సుమారు 15,000 నుండి 20,000 మంది శిశువులలో ఒకరికి వచ్చును. సాధారణముగా 5 ఏండ్ల లోపుననే బయటపడును. నల్లగా ఉండవలసిన కనుపాప తెల్లగా మెఱయుట, మెల్లకన్ను దీని ముఖ్యలక్షణములు.

మఱి కణితి వలన కన్ను వాచుట ఎట్లు? వేగముగా పెరిగిన కణితికి రక్తము చాలక కొంతభాగము చచ్చిపోవును. అది చుట్టునున్న భాగములను రేపగా కన్ను ఎఱ్ఱబడి రెప్పలు ఉబ్బును. మఱికొందఱిలో కణితి గడ్డగా లేవక రెటీనా వెంబడి పలుచగా ప్రాకును. దాని కణములు విడివడి, నల్లగ్రుడ్డు ముందరి నీటిలో అడుగున తెల్లని మడ్డివలె పేరుకొనును. చూచుటకు అది చీమువలెనే యుండును. ఈ రకము కొంత పెద్దపిల్లలలో వచ్చుటచే కణితి యను అనుమానమే కలుగదు.

అపాయమంతయు ఇచ్చటనే కలదు. స్టెరాయిడ్ చుక్కలతో ఎఱుపు కొన్నాళ్లు తగ్గవచ్చును. తల్లిదండ్రులు ఊరడిల్లుదురు, కణితి మాత్రము పెరుగుచునే యుండును. చీమనుకొని సూదితో తీసినచో కణములు కంటి వెలుపలికి వ్యాపించు భయము కలదు. కావున తగ్గని ఎఱుపునైనను, తగ్గి మరల వచ్చు ఎఱుపునైనను ఉపేక్షింపరాదు. నేత్రవైద్యుడు మందుతో కనుపాపను విప్పార్చి కంటి వెనుకభాగమును చూడవలెను. అల్ట్రాసౌండు పరీక్షలో కణితియందలి సున్నపు రేణువులు తఱచుగా కనిపించును.

సకాలమున కనుగొన్నచో మందులు, లేజరు, శీతలచికిత్సలతో ప్రాణమునే కాక పెక్కుమార్లు చూపును సైతము దక్కించుకొనవచ్చును. ముదిరినచో ప్రాణము కొఱకు కన్ను తీయవలసివచ్చును. హైదరాబాదున 1987లో నెలకొనిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో ఈ చికిత్స లభించును. కొందఱిలో ఇది వంశానుగతము. కావున ఒక బిడ్డకు వచ్చినచో తోబుట్టువుల కన్నులను కూడ పరీక్ష చేయించవలెను.

ఎఱ్ఱకన్నును చూచి బెదరనక్కఱలేదు. తగ్గని ఎఱ్ఱకన్నుకు ఇంటివైద్యముతో కాలయాపన చేయకుండుటయే మేము కోరునది.