పందెపు కారుగా పాత కారు: ప్రీమియర్ పద్మిని రూపాంతరంలో తిరిగి సరిచేయగల మార్పులు, సరిచేయలేని మార్పులు

వ్యాససంగ్రహం: రహదారి కోసం తయారైన పాత కారును పోటీ కారుగా మార్చడంలో ప్రతి దశ వెనుక ఒక భౌతిక కారణం ఉంటుంది. ఆ దశలను ప్రీమియర్ పద్మిని ఆధారంగా వివరించి, ఏ మార్పు వాహనపు మూలరూపాన్ని శాశ్వతంగా చెరుపుతుందో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రీమియర్ పద్మిని, షోలవరం, పోటీ కారు, మూలరూపం, వింటేజ్ వాహనం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు–బీజాపూర్ రహదారి మొయినాబాద్, చేవెళ్ల మండలాల గుండా సాగుతుంది. ఆలూరు పరిసరాలలో ఆ దారిన పోయే కారుకు మర్రిచెట్లు, కూరగాయల బుట్టలు, ఎదురు వచ్చే లారీలు తప్పవు. నెమ్మదిగా పాకడం, గుంతలను ఓర్చుకోవడం, నలుగురిని మోయడం రోడ్డు కారు ధర్మాలు. పందెపు కారుకు ఇవేవీ అవసరం లేదు. కాబట్టి రూపాంతరం అంటే కేవలం వేగాన్ని పెంచడం కాదు, వాహనపు ప్రయోజనాన్నే మార్చడం.

2. మూలవాహనం

ముంబయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ 1964 నుండి ఫియట్ 1100 డిలైట్‌ను తయారుచేసింది. 1974 ప్రాంతంలో దానికే పద్మిని అన్న పేరు వచ్చింది. 1089 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్, వెనుక చక్రాలకు చోదకశక్తి, వెనుక కమాను పట్టీలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు దీని లక్షణాలు. మద్రాసుకు ఉత్తరాన, తెలుగువారు కూడా నివసించే ప్రాంతంలో ఉన్న షోలవరం విమానపట్టీ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పందేలు నిర్వహించిన కాలంలో ఈ తరహా ఫియట్ కార్లను మార్చి పరుగెత్తించారు. విదేశీ పందెపు కార్లు దుర్లభమైన ఆ రోజులలో ఇంటి ముందున్న కారే ముడిసరుకు.

3. రూపాంతర క్రమం

3.1 ఆపడం: వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపేటప్పుడు బ్రేకులు గ్రహించవలసిన శక్తి, 60 కిలోమీటర్ల వేగంలో కంటే నాలుగింతలు. వేడెక్కిన డ్రమ్ములు పట్టు కోల్పోతాయి. అందువల్ల ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు అమర్చడం తొలి పని. ఇంజన్ పని దీని తరువాతనే.

3.2 బరువు, సమతౌల్యం: వెనుక సీట్లు, తివాచీలు, లోపలి అట్టలు తొలగిస్తారు. బరువు తగ్గితే త్వరణం, మలుపు, ఆగడం మూడూ మెరుగవుతాయి. గట్టి స్ప్రింగులు, డ్యాంపర్లతో కారు ఎత్తు తగ్గిస్తే గరిమనాభి కిందికి దిగి, మలుపులో ఒరగడం తగ్గుతుంది.

3.3 ఇంజన్: శక్తి అంటే నిర్ణీతకాలంలో ఇంజన్ పీల్చి మండించగల గాలి–ఇంధన మిశ్రమం. అందుకే అదనపు కార్బ్యురేటర్, నునుపు చేసిన వాయుమార్గాలు, కవాటాలను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్ అవసరమవుతాయి. సిలిండర్ హెడ్‌ను అరగదీస్తే సంపీడన నిష్పత్తి పెరుగుతుంది. హద్దు మీరితే ఇంజన్ కొట్టుకుంటుంది. ఇలాంటి క్యామ్ అధిక భ్రమణాల దగ్గర బలాన్నిచ్చి, తక్కువ వేగంలో ఇంజన్‌ను తడబరుస్తుంది. సంతలో పాకలేని కారు అలా తయారవుతుంది.

3.4 ప్రాణరక్షణ: ఉక్కు గొట్టాల రక్షణ పంజరం, భుజాలనూ నడుమునూ బిగించే పట్టీలు, అగ్నిమాపకం, బయటి నుండి కూడా విద్యుత్తును తెంచగల మీట పోటీలో అలంకారాలు కావు. కారు పల్టీ కొట్టినప్పుడు డ్రైవరు చుట్టూ ఖాళీ మిగిల్చేది పంజరమే.

4. మూలరూపం – చట్టం

పై మార్పులన్నీ ఒకే కోవకు చెందవు. సీట్లు, స్ప్రింగులు, కార్బ్యురేటర్ విప్పితే పాతవి బిగించవచ్చు. అరగదీసిన హెడ్ తిరిగి పెరగదు. శరీరపు రేకును కోసి, పంజరాన్ని వెల్డింగ్ చేస్తే పూర్వరూపం పేరుకే మిగులుతుంది. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో గణనీయమైన మార్పు పొందని వాహనమే వింటేజ్ వాహనం. తొలి పద్మినీలు ఇప్పుడిప్పుడే ఆ వయసుకు చేరుకుంటున్నాయి. అంటే ఒక కారు వారసత్వ గుర్తింపుకు అర్హత పొందుతున్న సమయంలోనే ఒక రంపపుకోత దానిని దూరం చేయగలదు. మరోవైపు, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నమోదు పత్రంలోని మూలవివరాలకు భిన్నమైన మార్పులను నియంత్రిస్తుంది. కనుక పందేనికి సిద్ధమైన కారు ఆలూరు దారిన సొంత చక్రాల మీద కాక, లారీ మీదనే ట్రాకుకు చేరాలి.

5. ప్రత్యామ్నాయం

కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర మరొక మార్గం చూపారు. పాత కారును కోయడానికి బదులు, సులభంగా దొరికే మారుతి 800 ఇంజన్, విడిభాగాలను ఒంటి సీటు పందెపు చట్రంలో అమర్చి ఫార్ములా మారుతి రూపొందించారు. ముడిసరుకు రోడ్డు కారుదే, బలి అయిన పాత కారు మాత్రం లేదు.

6. ముగింపు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరపు వీధులు ఫార్ములా ఈ ట్రాకుగా మారాయి. అడ్డుగోడలు తొలగించగానే మళ్లీ వీధులయ్యాయి. పాత కారుకు ఈ వెసులుబాటు అన్నివేళలా ఉండదు. తుప్పు తిని, భాగాలు పోయిన పద్మినీని పందేనికి మార్చడం దానికి రెండో జన్మనివ్వడమే. చెక్కుచెదరని పద్మినీని కోయడం మాత్రం ఒక సాక్ష్యాన్ని చెరపడం. కాబట్టి పనిముట్టు పట్టే ముందు ఆ కారు స్థితిని నమోదు చేసి, విప్పిన ప్రతి భాగాన్నీ భద్రపరచి, తిరిగి సరిచేయగల మార్పులకే మొదటి స్థానమివ్వాలి. ప్రాణరక్షణ కోరే మార్పులో రాజీ కుదరదు. ఆ మార్పు భరించలేనంత విలువైన కారైతే, దానిని పందేనికి ఎంచుకోకపోవడమే సరైన నిర్ణయం.