రోడ్డు కోసం పుట్టిన కాటా

నంగలి దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటి, ములబాగిలు, కోలారు, హొసకోట మీదుగా వచ్చే లారీ బెంగళూరులో అడుగుపెట్టేది కె.ఆర్.పురంలోనే. పలమనేరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే డ్రైవర్లకు ఓల్డ్ మద్రాస్ రోడ్డు కొట్టినపిండి. ఈ ఊరికి సొంత ఆర్టీవో కార్యాలయం ఉంది, బళ్ల నంబర్లు కేఏ 53తో మొదలవుతాయి. పక్కనే వైట్‌ఫీల్డులో కంటైనర్ డిపో ఉంది. ఇన్ని సరుకు బళ్లు తిరిగే చోట కాటా లేకుండా పని జరగదు.

ఖాళీ బండిని ఒకసారి, సరుకెక్కించిన బండిని ఒకసారి కాటా మీదికి ఎక్కిస్తారు. చీటీ మీద గ్రాస్ (మొత్తం), టేర్ (ఖాళీ బండి), నెట్ (సరుకు) అని మూడంకెలు పడతాయి. ఇనుప తుక్కు కొనేవాడి చూపంతా నెట్ మీదే, బాడుగ కట్టేవాడి చూపూ అక్కడే. గ్రాస్‌తో నిజంగా పనిపడేది రోడ్డుకు, రోడ్డు తరఫున ఆర్టీవోకు. వ్యాపారి సొమ్ములా కనిపించే ఈ యంత్రం అసలు రోడ్డును కాపాడడానికి పుట్టిందంటే చాలామంది నమ్మరు.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో టోలు వసూలు చేసి రోడ్లు బాగుచేసే ట్రస్టులుండేవి. బరువు బళ్లు ఆ రోడ్లను గోతులు చేసేస్తుంటే 1741లో పార్లమెంటు ఒక చట్టం తెచ్చింది. టోలు గేట్ల దగ్గర తూకం యంత్రాలు పెట్టుకోవచ్చు, 60 హండ్రెడ్‌వెయిట్లు, అంటే మన లెక్కలో మూడు టన్నుల పైచిలుకు, దాటిన బండికి అదనపు సుంకం వేయవచ్చు. అప్పట్లో తూకం పెద్ద తతంగం. క్రేన్ లాంటి కొయ్య చట్రం కింద బండిని నిలిపి, గొలుసులు తగిలించి, బండికి బండినే గాల్లోకి లేపి తూచేవాళ్లు.

ఈ అవస్థ తప్పించినవాడు జాన్ వ్యాట్. వృత్తికి వడ్రంగి. లూయిస్ పాల్‌తో కలిసి నూలు వడికే యంత్రం మీద పనిచేసినందుకు చరిత్రలో ఎక్కువ పేరొచ్చింది. నన్నడిగితే కాటాయే అతని గొప్ప పని. 1740లలో బర్మింగ్‌హామ్‌లో అతను గొయ్యి తవ్వి, అందులో మీటలకు మీటలు తగిలించి, పైన నేలకు సమంగా ఒక బల్ల పరిచాడు. బండి దానంతట అది బల్ల మీదికి నడిచొస్తుంది. మీటల నిష్పత్తులు ఎలా కుదిర్చాడంటే, బండి బల్ల మీద ఏ మూలన నిలిచినా అదే బరువు చూపిస్తుంది. ఎద్దో గుర్రమో కొలత గీత మీద కచ్చితంగా నిలబడదు గనుక, ఈ గుణం లేకపోతే ఆ యంత్రం ఎందుకూ కొరగాదు. 1830 ప్రాంతంలో అమెరికాలోని వెర్మాంట్‌లో థాడియస్ ఫెయిర్‌బ్యాంక్స్ దీన్నే మెరుగుపరిచి లోకమంతా అమ్మాడు. మీటల కాటా దాదాపు రెండు వందల ఏళ్లు ఏలింది.

ఇప్పుడు గోతిలో మీటలు లేవు. ఉక్కు బల్ల కింద ఆరో ఎనిమిదో లోడ్‌సెల్స్ ఉంటాయి. లోడ్‌సెల్ అంటే ఒక ఉక్కు ముక్క, దానికి అతికించిన సన్నటి లోహపు రేకు. బరువు పడ్డప్పుడు ఉక్కు కంటికి కనిపించనంతగా నొక్కుకుంటుంది, దాంతోపాటు రేకు విద్యుత్ నిరోధమూ మారుతుంది. సాగదీస్తే తీగ నిరోధం మారుతుందని 1856లోనే కెల్విన్ చూపాడు. ఆ సూత్రం అతికించుకునే గేజిగా మారింది 1938లో, అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూగె చేతుల్లో, ఎవరికి వారుగా.

ఆ మార్పు ఎంత చిన్నదో ఒక లెక్క వేద్దాం. ఒక్కోటి 30 టన్నులు మోసే సెల్స్ ఆరున్నాయనుకోండి. పది వోల్టులిస్తే నిండు బరువుకు వచ్చే సంకేతం సుమారు 20 మిల్లీవోల్టులు. అందులో పది కిలోల తేడా అంటే ఒక మైక్రోవోల్టు, వోల్టులో పదిలక్షలో వంతు. నలభై టన్నుల లారీ కింద ఇంత సున్నితమైన కొలత జరుగుతుంటుంది. వానాకాలంలో సెల్స్ తీగలన్నీ కలిసే జంక్షన్ పెట్టెలోకి చెమ్మ చేరినా, ఎలుక కేబుల్ కొరికినా అంకె దారి తప్పుతుంది. అందుకే తూనికలు కొలతల శాఖ వాళ్లు ఏటేటా వచ్చి పరీక్షించి ముద్ర వేయాలి. “అన్నా, వెనక టైరు బల్ల మీదికి రాలే, ఇంకొంచెం ముందుకు పోనీ” అని కాటా గదిలోంచి వినిపించే కేకకూ కారణముంది. బల్ల మీద ఎక్కడ నిలిచినా ఫర్వాలేదు గానీ ఒక్క చక్రం అంచు దిగినా అది తూకం కాదు.

ఇంత చేసి కాటా చెప్పేది మొత్తం బరువు. రోడ్డుకు తగిలేది మాత్రం ఒక్కో ఇరుసు బరువు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయిస్‌లోని ఒటావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలను తిప్పి తిప్పి అరగదీశారు. అక్కడ తేలిన లెక్క ప్రకారం రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఇరుసు మీద ఇరవై శాతం బరువు పెంచితే నష్టం రెట్టింపు. 2018 జులైలో మన కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెద్ద ట్రైలర్ల మొత్తం బరువు పరిమితి 49 నుంచి 55 టన్నులకు చేరింది. బాడుగ కలిసొచ్చిందని లారీల వాళ్లు సంతోషించారు. నాలుగో ఘాతం లెక్కన నిండుగా లోడెత్తిన ఇరుసు ఒక్కో పోకలో చేసే నష్టం అరవై శాతానికి పైగా పెరిగింది. ట్రిప్పులు తగ్గుతాయన్నది నిజమే, ఆ తగ్గుదల ఈ పెరుగుదలను పూడ్చదు.

తూకానికి ఎవరు రావాలన్న విషయంలో దేశానికో పద్ధతి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తూకం కేంద్రం తెరిచి ఉందని బోర్డు వెలిగితే సరుకు లారీ పక్కకు తిరిగి తీరాలి. మంచి రికార్డున్న బళ్లకు అద్దానికి పెట్టిన పరికరం ద్వారా ఆగకుండా పొమ్మనే సంకేతం వస్తుంది. మన 1988 మోటారు వాహనాల చట్టంలో అధికారి అనుమానానికే పెద్దపీట. 114వ సెక్షను కింద, ఎక్కువ బరువుందని నమ్మడానికి కారణముంటే, ముందుదారిలో ఏ చోటికైనా పది కిలోమీటర్ల లోపు ఉన్న కాటాకు బండిని పట్టుకెళ్లమనవచ్చు. బరువు తేలితే అదనపు సరుకు అక్కడే దించాలి, దాని మంచిచెడ్డలు బండివాళ్లవే. 2019 సవరణతో జరిమానా 20 వేలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేలు. ఆగకుండా పోయినా, తూకానికి ముందే సరుకు దించేసినా 40 వేలు. తప్పించుకోవడం బరువు కన్నా పెద్ద నేరమని చట్టం చెప్పకనే చెప్పింది.

దించడమన్న మాట చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. కొన్ని రాష్ట్రాలు రుసుం కట్టించుకుని, అదే అధిక బరువుతో బండిని సాగనంపేవి. పరంజిత్ భాసిన్ కేసులో 2005 నవంబరు 9న సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. డబ్బు కట్టినంత మాత్రాన అధిక బరువు మోసే హక్కు రాదని, సరుకు దించాల్సిందేనని తేల్చింది. రోడ్డుకు రసీదులు చదవడం రాదు గనుక ఇదొక్కటే సరైన తీర్పు.

మినహాయింపు ఇవ్వదగినది బరువును వెడల్పుగా పంచే చక్రాలకు. ఆ సంగతి ఇంగ్లండువాళ్లకు 1750లలోనే తట్టింది. తొమ్మిదంగుళాల వెడల్పు చక్రాలున్న బళ్లకు టోలులో రాయితీలిచ్చారు. బళ్లవాళ్లు తక్కువ తిన్నారా? మధ్య పట్టీని ఉబ్బెత్తుగా చేయించి, చూడ్డానికి తొమ్మిదంగుళాలు, నేలకానేది మాత్రం అందులో కొంతే అయ్యేలా బిగించుకున్నారు.

చక్రాల సంఖ్య పెంచినా రోడ్డు మీద బరువు అలాగే పంచుకుపోతుంది. 2018 డిసెంబరులో తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లా కొరకోట్టై నుంచి బెంగళూరు ఈజీపురలోని కోదండరామస్వామి గుడికి ఒక మహావిష్ణు శిల బయలుదేరింది. దాదాపు 300 టన్నుల ఏకశిల, దాని కింద 240 చక్రాల బండి. శిల బరువు ఒక్కో చక్రానికి పంచితే టన్నుంపావు. మామూలు లారీ వెనక ఇరుసుకున్న ఒక్కో టైరు 2.9 టన్నుల దాకా మోస్తుంది. బండి సొంత బరువు కలుపుకున్నా, రోడ్డు పొరలకు పక్కన పోయే కంకర లారీ కన్నా ఈ దేవుడే తేలిక. అయినా ప్రయాణం నెలలు సాగింది. టైర్లు పేలాయి, మలుపుల్లో అడ్డొచ్చిన కట్టడాలు తీయాల్సి వచ్చింది, కృష్ణగిరి ప్రాంతంలో ఒక నది వంతెన దగ్గర బండి ఆగిపోయి, పక్కన ఏట్లో మట్టిదారి వేసుకోవాల్సి వచ్చింది.

వంతెన లెక్క వేరు మరి. చక్రాలు ఎన్నున్నా, రెండు స్తంభాల మధ్యకు ఒకేసారి ఎంత బరువు వచ్చిందన్నదే దానికి ముఖ్యం. అందుకే భారీ సరుకు పర్మిట్టు అడిగేవాళ్లు బరువుతో పాటు ఇరుసుల వరుసలు, వాటి మధ్య దూరం, దారిలోని వంతెనల వివరాలు ఇవ్వాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో ఇలాంటి బళ్ల కోసమే 385 టన్నుల ప్రత్యేక వాహనం లెక్క ఉంది: ఇరవై ఇరుసులు, ఒక్కోదానికి 18 టన్నులు, ముందు లాగే ఇంజను బండి. అది వంతెన నడిమధ్యగా, గంటకు ఐదు కిలోమీటర్ల లోపు వేగంతో పోవాలి. అంతసేపూ వంతెన మీద మరో బండి ఉండకూడదు.