చోడవరం ప్రాంతంలో సంగీత ప్రదర్శనల ప్రచారం

చోడవరం పరిసర గ్రామాలలోని శ్రోతలు కొత్త గాయకులను, కళాబృందాలను తెలుసుకొనే మార్గాలలో ముఖ్యమైనది ప్రత్యక్ష ప్రదర్శన. ఒక ఊరిలో జరిగిన ప్రదర్శనే పొరుగూరికి ప్రచారంగా పనిచేస్తుంది. పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉన్న చోడవరం, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది.

తీర్థాలు, జాతరలు

గ్రామదేవతల ఉత్సవాలను ఈ ప్రాంతంలో తీర్థాలు, జాతరలు అని వ్యవహరిస్తారు. వీటిలో ప్రసిద్ధమైన అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతర ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యకు జరుగుతుంది. ఉత్సవాలకు బంధువుల ఇళ్ళకు వచ్చినవారు తప్పెటగుళ్ళు, కోలాటం, హరికథ, బుర్రకథ వంటివి చూసి, నచ్చిన బృందాన్ని గురించి తమ ఊరి పెద్దలకు చెబుతారు. పెద్దలు బృంద నాయకుని కలిసి, తేదీ ఖాయం చేసుకొని, బయానా ఇస్తారు.

రొమ్ముపై రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని ఆడే తప్పెటగుళ్ళలో పాట, అడుగు, విన్యాసం కలిసే ఉంటాయి. పాట మాత్రమే విన్నవారికి బృందం నైపుణ్యం సగమే తెలుస్తుంది. హరిదాసు కూడా ఎదుటనున్న సభను బట్టి పిట్టకథలను ఎంచుకుంటాడు. కనుక ఈ కళలలో చూసినవారి మాటకు విలువ ఎక్కువ.

చాటింపు, కరపత్రాలు

పూర్వం ప్రదర్శన వార్తను దండోరా వేసి చాటేవారు. తరువాత మైకు కట్టిన రిక్షాలు, ఆటోలు, గోడపత్రికలు వచ్చాయి. ఉత్సవ కరపత్రంలో పూజావేళలతో పాటు రాత్రి కార్యక్రమాన్ని, కళాకారుని పేరును, ఊరిని అచ్చువేయడం పరిపాటి. ఊరి పేరు ఉండడం వలన, కార్యక్రమం నచ్చినవారు కళాకారుని వెతుక్కుంటూ వెళ్ళగలిగేవారు.

విద్యాలయం, ఆకాశవాణి

విజయనగరంలో 1919లో స్థాపించిన సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) తొలి అధ్యక్షులు. ఆయన తరువాత 1936లో వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవిని స్వీకరించారు. ఇటువంటి చోట శిక్షణ పొందిన కొత్త కళాకారునికి గురువు పేరే తొలి పరిచయం.

1963లో ప్రారంభమైన ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మరొక మార్గం చూపింది. ఆకాశవాణి స్వర పరీక్ష నిర్వహించి కళాకారులకు శ్రేణులు ఇస్తుంది. అందువలన కరపత్రాలలో "ఆకాశవాణి కళాకారులు" అన్న మాట, చూడని బృందంపై కూడా నమ్మకం కలిగించేది.

క్యాసెట్లు, అంతర్జాలం

క్యాసెట్ల వలన పాట గాయకుని ఊరు దాటి వెళ్ళింది. 2005లో యూట్యూబ్ వచ్చిన తరువాత అడుగులు, విన్యాసాలు కూడా దూరప్రాంతాలవారికి కనిపిస్తున్నాయి. ఐతే పాట ప్రసిద్ధి పొందినంత మాత్రాన పాడినవారికి పిలుపులు వస్తాయన్న నియమం లేదు. పలుమార్లు చేతులు మారిన దృశ్యంలో బృందం పేరు, ఊరు లేకపోతే, చూసినవారు పిలవదలచినా పిలవలేరు. పాత కరపత్రం ఇచ్చిన ఆ చిన్న సమాచారమే ఇక్కడ లోపిస్తుంది.

ప్రాముఖ్యం

ఉత్సవ రాత్రిని డీజే పాటలకు కేటాయించినప్పుడు కళాబృందం ఒక రాత్రి సంపాదనను మాత్రమే కోల్పోదు. ఆ రాత్రి చూడవలసిన పొరుగూరివారు చూడరు, తరువాతి పిలుపు రాదు. బృందం వెంట తిరిగి నేర్చుకోవలసిన పిల్లలకు కూడా అవకాశం తగ్గుతుంది. ఆ కారణంగా ఉత్సవ సంఘాల ఎంపిక ఈ కళల మనుగడకు కీలకమైనది.

ఇవి కూడా చూడండి

తప్పెటగుళ్ళు
హరికథ
ఆదిభట్ల నారాయణదాసు
చోడవరం