బొమ్మ ట్రక్కు.. రూ.400 ఇంజినీరింగ్

మీ రెజ్యూమెలో ‘ప్రాజెక్ట్’ అన్న మాట కింద ఉన్న నాలుగు లైన్లు ఒకసారి చదవండి. వాటిలో మీరు స్వయంగా కొలిచిన అంకె ఒక్కటైనా ఉందా? నా దాంట్లో లేదు. అందుకే నా మొదటి కోర్ కంపెనీ ఇంటర్వ్యూ ఏడు నిమిషాల్లో అయిపోయింది.

ఫైనలియర్‌లో నలుగురం తలా కొంత వేసుకుని రెడీమేడ్ ప్రాజెక్టు కొన్నాం. ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి. రిపోర్టు, పీపీటీ కూడా వాళ్లే చేసిచ్చారు. ఇంటర్వ్యూలో ఒకాయన ఫొటో చూసి, ‘ఇది ఎంత వాలులో పల్టీ కొడుతుంది?’ అనడిగారు. ‘టీమ్‌లో వేరేవాళ్లు చూశారు సార్’ అన్నాను. ‘పోనీ, సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎంత ఎత్తులో ఉంది?’ మళ్లీ మౌనం. ఆయన కోప్పడలేదు. ఫైలు మూసి, ‘థాంక్యూ’ అన్నారంతే.

ఆ రెండు ప్రశ్నలకు జవాబు నాకు తర్వాత ఒక బొమ్మ ట్రక్కు దగ్గర దొరికింది. దాన్ని మార్చడానికి నాకైన ఖర్చు 400 రూపాయలు. అందులో 220 దండగ. ఆ కథ కూడా చెబుతాను.

ఏమిటీ రాక్ క్రాలర్?

రిమోట్ కారు అనగానే రయ్‌మని దూసుకుపోయేదే గుర్తొస్తుంది. రాక్ క్రాలర్ దానికి పూర్తిగా తిరకాసు. ఇది బండరాళ్ల మీద నత్తలా పాకుతుంది. అమెరికాలో రూబికాన్ ట్రైల్, మోయాబ్ లాంటి చోట్ల అసలు జీపులతో ఆడే ఆటకు ఇది చిన్న రూపం. ‘స్కేల్’ అంటే అసలు బండిని అదే నిష్పత్తిలో తగ్గించి చేసిన నమూనా అన్నమాట.

ఈ హాబీలో యాక్సియల్ ఎస్‌సీఎక్స్10, 2017లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4 పెద్ద పేర్లు. రెండూ 1/10 సైజు. ధర మన పాకెట్ మనీకి అందదు. యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 (1/24), 2022లో వచ్చిన టీఆర్ఎక్స్-4ఎం (1/18) వీటి తమ్ముళ్లు. ఇంకా తక్కువలో కావాలంటే డబ్ల్యూపీఎల్, ఎంఎన్ లాంటి చైనా కంపెనీల ట్రక్కులున్నాయి. నేను సెకండ్ హ్యాండ్‌లో 2,600కి ఒక 1/16 ట్రక్కు కొన్నాను. పూర్తిగా ప్లాస్టిక్. అయితేనేం, ముందూ వెనకా యాక్సిల్స్, గేర్‌బాక్స్, సస్పెన్షన్, స్టీరింగ్ సర్వో అన్నీ ఉన్నాయి. కొనలేకపోతే తెలిసినవాళ్ల ఇంట్లో మూలపడినది అడిగి తెచ్చుకోండి.

ముందు కొలవండి, తర్వాతే మార్చండి

అందరూ చేసే తప్పు.. కొన్న రోజే స్క్రూడ్రైవర్ పట్టుకోవడం. మూడు రోజులు ఏమీ మార్చకండి. ఒక పరీక్ష రాయిని ఎంచుకోండి. నాది హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల దగ్గర మోకాలెత్తు గ్రానైట్ బండ. దాని మీద సుద్దతో దారి గీసి, 10 సార్లు ఎక్కించి చూశాను. రెండుసార్లే ఎక్కింది. నోట్‌బుక్‌లో మొదటి అంకె అదే.

ఇంట్లో ఇంకో రెండు కొలతలు తీశాను.

ఒకటి, బరువు పంపకం. అమ్మ వంటింటి డిజిటల్ త్రాసు మీద ముందు చక్రాలు పెట్టి, వెనక చక్రాల కింద అదే ఎత్తుకు పుస్తకాలు పేర్చాను. మొత్తం 650 గ్రాముల్లో ముందు 312. అంటే 48 శాతం.

రెండోది, సెంటర్ ఆఫ్ గ్రావిటీ. ట్రక్కును పరీక్ష ప్యాడ్ మీద అడ్డంగా నిలబెట్టి ప్యాడ్‌ను మెల్లగా వంచాను. టైర్లు జారకుండా కింది వైపు స్కేలు అడ్డం పెట్టాను. పై వైపు చక్రాలు లేచే క్షణంలో ఫోన్‌లోని లెవెల్ యాప్ చూపిన కోణం 42 డిగ్రీలు. ఎడమ, కుడి టైర్ల మధ్య దూరం 116 మి.మీ. అందులో సగం 58. దాన్ని టాన్ 42తో భాగిస్తే 64 మి.మీ. వచ్చింది. సీజీ ఎత్తు అదే! స్ప్రింగులు కాస్త ఒరుగుతాయి కాబట్టి ఇది దగ్గరి విలువే. కానీ ఇంటర్వ్యూలో నా దగ్గర లేని జవాబు ఇదే. అయిదు నిమిషాల పని.

ఇది బొమ్మలకే పరిమితమైన లెక్క కాదు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ కార్లు పల్టీ కొట్టే ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఈ నిష్పత్తినే వాడుతుంది. టైర్ల మధ్య దూరంలో సగాన్ని సీజీ ఎత్తుతో భాగించడమే. పేరు స్టాటిక్ స్టెబిలిటీ ఫ్యాక్టర్.

చవకైన మార్పులు.. ఒక్కొక్కటిగా

1. టైర్లు (ఖర్చు: సున్నా). బొమ్మ టైర్లు గట్టిగా ఉంటాయి. రాయిని పట్టుకోవాలంటే టైరు దాని ఆకారానికి అణగాలి. లోపల స్పాంజి ఉంటే అంచుల్ని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించండి. లోపలి గాలి బయటికి పోయేందుకు టైరుకు ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు చేయండి. మళ్లీ అదే బండ, 10 ప్రయత్నాలు. ఈసారి నాలుగు.

2. చక్రాల్లో బరువు (రూ.80). కార్ల వీల్ బ్యాలెన్సింగ్‌కు వాడే అంటించే బిళ్లలు ఉంటాయి కదా, 5, 10 గ్రాములవి. అలైన్‌మెంట్ షాపుకెళ్లి ‘అన్నా, వీల్ వెయిట్లు ఉన్నాయా?’ అంటే, ‘ఏ బండికి తమ్ముడూ?’ అన్నాడాయన. బ్యాగులోంచి ట్రక్కు తీసి చూపించా. నవ్వి, మిగిలిన ముక్కలు కూడా చేతిలో పెట్టాడు. ముందు చక్రాల రిమ్‌ల లోపల ఒక్కోదానికి 30 గ్రాములు, చుట్టూ సమానంగా అంటించాను. బరువు యాక్సిల్ ఎత్తులోనే ఉంటుంది కాబట్టి సీజీ కిందికి దిగుతుంది. ఎక్కువైతే ప్లాస్టిక్ గేర్లు అరుగుతాయి, అందుకని 30 దగ్గరే ఆగాను. సీసం బిళ్లలైతే పని కాగానే చేతులు కడుక్కోండి. స్టీలువి దొరికితే ఇంకా మంచిది.

3. బ్యాటరీ చోటు (సున్నా). 90 గ్రాముల బ్యాటరీ వెనక ట్రేలో, ఎత్తులో ఉండేది. దాన్ని 100 మి.మీ. ముందుకు, 30 మి.మీ. కిందికి మార్చి జిప్ టైతో కట్టాను. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 180 మి.మీ. కాబట్టి 90 x 100 / 180.. అంటే 50 గ్రాముల భారం వెనక నుంచి ముందుకు వెళ్లాలి. త్రాసు మీద పెడితే, మొత్తం 710లో ముందు 422. దాదాపు 60 శాతం. సీజీ 58 మి.మీ.కి దిగింది. పల్టీ కోణం 45 డిగ్రీలైంది.

‘మూడు డిగ్రీలకేనా ఇంత హడావుడి?’ అనుకోకండి. 30 డిగ్రీల వాలు ఎక్కేటప్పుడు బండి భారం వెనక్కి జరుగుతుంది కదా. అప్పుడు నా ట్రక్కు ముందు చక్రాలు రాయిని నొక్కే బలం లెక్కేశాను. మార్పులకు ముందు సుమారు 155 గ్రాముల భారం, తర్వాత సుమారు 250. పట్టు అంతా అక్కడే ఉంది. బండ మీద 10కి ఏడు.

4. అందం (నష్టం!). ఏడు వచ్చిన సంబరంలో టాప్ మీద లగేజీ క్యారియర్, స్టెప్నీ బిగించాను. ఇంట్లో ఉన్నవే, 40 గ్రాములు. ఫొటోలో అదిరిపోయింది. బండ మీద అయిదుకు పడిపోయింది! కొలిస్తే పల్టీ కోణం 43. ఎంతో కష్టపడి తెచ్చుకున్న మూడు డిగ్రీల్లో దాదాపు రెండింటిని ఆ 40 గ్రాములు తినేశాయి. ఎందుకంటే అవి అన్నిటికంటే ఎత్తులో ఉన్నాయి. వెంటనే తీసేశాను. ఈ పేజీని మాత్రం నోట్‌బుక్‌లోంచి చింపలేదు.

5. స్ప్రింగులు (సున్నా). గట్టి స్ప్రింగులున్న బండి రాయి మీద ఒక కాలు పొట్టిగా ఉన్న నాలుగు కాళ్ల కుర్చీలా ఊగుతుంది. ఒక చక్రం గాల్లో లేస్తే ఆ చక్రం పట్టు పోయినట్టే. పాత బాల్‌పెన్నుల స్ప్రింగులు సరైన పొడవుకు కత్తిరించి వేశాను. లారీ కమాన్ పట్టీల్లాంటివి ఉన్న మోడలైతే కట్టలోంచి ఒక పట్టీ తీసేసి చూడండి. ఫలితం ఎనిమిది.

6. మోటారు గేరు (రూ.60). 12 పళ్ల పినియన్ తీసి 10 పళ్లది వేశాను. లెక్క సులువు.. చక్రం దగ్గర టార్క్ 1.2 రెట్లు, వేగం 83 శాతం. అయిదు మీటర్ల దూరానికి పట్టే సమయం 4 సెకన్ల నుంచి 4.9కి పెరిగింది. క్రాలర్‌కు కావాల్సింది నెమ్మదే. బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, మోటారును నొక్కి స్క్రూలు బిగించి, తర్వాత కాగితం లాగేయండి. సరైన సందు అదే వస్తుంది. ఫలితం తొమ్మిది.

ఇంకో 40 రూపాయలు నైలాక్ నట్లకు. అదురుకు ఊడిపోకుండా ఉంటాయి.

ఆ 220 ఎలా పోయాయంటే..

స్టీరింగ్ బలంగా లేదని ఎంజీ90ఎస్ అనే మెటల్ గేర్ల సర్వో కొన్నాను. మంచి సర్వోనే. తీరా విప్పి చూస్తే నా ట్రక్కు పాత సర్వోకు అయిదు తీగలు, కొత్తదానికి మూడు. చౌక ట్రక్కుల్లో చాలావాటికి ఇంతే. సర్వోను నడిపే సర్క్యూట్ సర్వోలో కాకుండా ట్రక్కు బోర్డు మీదే ఉంటుంది. మామూలు సర్వో పెట్టాలంటే రిసీవర్, మోటారు కంట్రోలర్, రిమోట్ కూడా మార్చాలి. అంటే వేలల్లో ఖర్చు. విప్పి చూడకుండా ఆర్డర్ పెట్టడం నాదే తప్పు. కొనే ముందు తీగలు లెక్కపెట్టండి!

ఉద్యోగానికీ దీనికీ ఏమిటి సంబంధం?

అన్నయ్య కూడా ఇదే అడిగాడు. ‘ఉద్యోగం వెతుక్కోమంటే బొమ్మబండితో ఆడతావేంట్రా?’ అని. ట్రక్కు బాగుచేస్తే జాబ్ వస్తుందని నేను చెప్పను. రెజ్యూమెలో ‘ఆర్‌సీ కార్లు నా హాబీ’ అని రాసినా ఎవరూ పట్టించుకోరు. పనికొచ్చింది నోట్‌బుక్. తర్వాతి ఇంటర్వ్యూలో నేను రాసిన రెండు లైన్లు ఇవి..

‘650 గ్రాముల స్కేల్ క్రాలర్‌లో ముందు భారాన్ని 48 నుంచి 59 శాతానికి, పక్క పల్టీ కోణాన్ని 42 నుంచి 45 డిగ్రీలకు మార్చాను. ఒకే బండ మీద, ఒక్కో మార్పుకు 10 ప్రయత్నాలు, ఖర్చు రూ.400.’

ప్యానెల్‌లో ఒక మేడమ్ ఆగిపోయింది ఆ లైన్ దగ్గరే. ‘10కి ఏడు, 10కి ఎనిమిది.. స్ప్రింగులే పని చేశాయని ఎలా చెప్తారు? లక్ కావచ్చు కదా?’ నిజమే. ‘కావచ్చు మేడమ్. రెండు నుంచి ఏడుకు వెళ్లడాన్ని నమ్ముతాను. ఏడు, ఎనిమిది మధ్య తేడా తేల్చాలంటే ఇంకా చాలా ప్రయత్నాలు చేయాలి’ అన్నాను. ఆ తర్వాత క్యారియర్ పేజీ చూపించమన్నారు. మిగతా సమయమంతా దాని మీదే నడిచింది. ఆ ఉద్యోగం వచ్చింది.

మీ కాలేజీకి బాజా ఎస్ఏఈ ఇండియా టీమ్ ఉంటే తప్పకుండా చేరండి. అది పెద్ద బడి. టీమ్ లేదా? సీటు దొరకలేదా? అయితే ఇది ఒక్కరే, ఒక టేబుల్ మీద చేసుకోగల పని. ఈసీఈ వాళ్లు ఎంపీయూ6050 సెన్సర్ బిగించి వంపు కోణాన్ని రికార్డు చేయొచ్చు. సీఎస్ఈ వాళ్లు ఆ డేటాతో పల్టీకి ముందే హెచ్చరించే ప్రోగ్రామ్ రాయొచ్చు.

ఇవి మరవొద్దు

* ఒకసారికి ఒకటే మార్పు. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నేను బరువు, బ్యాటరీ కలిపి పరీక్షించాను. వేటి వాటా ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

* ఒక చక్రం గాల్లో తిరుగుతూ బండి కదలకపోతే డిఫరెన్షియల్ చూడండి. బండిని ఎత్తి ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే అదే యాక్సిల్ మీది రెండోది ఎదురు దిశలో తిరిగితే అది ఓపెన్. లాక్ చేస్తే పట్టు పెరుగుతుంది కానీ బండి తిరగడానికి ఎక్కువ చోటు కావాలి.

* లిథియం బ్యాటరీని ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగేదాకా వాడొద్దు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

* ఓడిన ప్రయత్నాన్ని కూడా తేదీతో రాయండి.

ఈ ఆదివారం పని ఇదే.. మీ ఇంట్లోని ఏ బొమ్మబండినైనా ఒక ప్యాడ్ మీద నిలబెట్టి వంచండి. అది లేచిన కోణం రాసుకోండి. మీ రెజ్యూమెలో మీరు కొలిచిన మొదటి అంకె అక్కడి నుంచే మొదలవుతుంది.