ఎరుపు కనిపించని రొసేషియా

రొసేషియా ముఖం నడిమిభాగానికి పట్టే దీర్ఘకాలిక చర్మవ్యాధి. బుగ్గలు, ముక్కు కందిపోతాయి. సన్నని రక్తనాళాలు తేలతాయి. మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు చాలావరకు తెల్లవాళ్లవే కావడంతో ఇది వాళ్ల జబ్బన్న అభిప్రాయం వైద్యుల్లోనూ ఉంది. చామనచాయ, నలుపు చర్మంలో మెలనిన్ అనే రంగుపదార్థం ఆ ఎరుపును కప్పేస్తుంది. చాలాసార్లు రోగికి తెలిసేది మంట, చురుకు మాత్రమే. పలాసలో జీడిపిక్కల బాయిలర్ దగ్గరో, కళింగపట్నం తీరాన ఎండలోనో పనిచేసేవాళ్లు ముఖం భగ్గుమంటే ఎండ తగిలిందనే అనుకుంటారు. అది పూర్తిగా తప్పూ కాదు. ఎండ, వేడి రెండూ రొసేషియాను రేపేవే.

చర్మం దాచినదాన్ని కనురెప్ప బయటపెడుతుంది. వెంట్రుకల మొదళ్ల వెనక, పైరెప్పలో 25 నుంచి 40, కిందిరెప్పలో 20 నుంచి 30 మైబోమియన్ గ్రంథులు బారుతీరి ఉంటాయి. వాటి నూనె కన్నీటిపై పలచగా పరుచుకుని తడి ఆరనివ్వదు. రొసేషియాలో ఆ నూనె చిక్కబడుతుంది. రెప్పను వేలితో నొక్కితే తేటగా రావలసిన చుక్క టూత్‌పేస్టులా తెల్లటి పోగై వస్తుంది. ఇక కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, పొద్దున్నే పుసులు, మాటిమాటికీ కంటికురుపులు. కురుపు లేచినప్పుడల్లా చుక్కలమందు వేసుకుని మరచిపోతే మూలం అలాగే ఉండిపోతుంది. కొందరిలో చర్మం కంటే ముందే కన్ను దెబ్బతింటుంది.

వాపు నల్లగుడ్డు (కార్నియా) దాకా పాకితేనే అసలు ప్రమాదం. రక్తనాళాలే ఉండకూడని ఆ చోటికి, ఎక్కువగా కింది అంచు నుంచి, నాళాలు పాకుతాయి. 'పువ్వు' అని పిలిచే మచ్చ పడి చూపు మసకబారుతుంది. నల్లగుడ్డు పలచబడి చిల్లుపడటం అరుదు, కానీ అది అత్యవసర స్థితి. చిన్న చిల్లును వైద్యపు జిగురుతో మూస్తారు. పెద్దదైతే నేత్రదాత కార్నియా అమర్చాలి. నాళాలు పాకిన కన్ను ఆ కార్నియాను తిరస్కరించే అవకాశం ఎక్కువ. కార్నియా వైద్యానికి శ్రీకాకుళం, విజయనగరం వాసులకు అందుబాటులో ఉన్న పెద్ద కేంద్రాల్లో ఒకటి, విశాఖలో 2006లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ.

తొలిదశలో చికిత్స సులువే. గోరువెచ్చని తడిగుడ్డతో ఐదు పది నిమిషాలు కాపడం పెట్టి, రెప్పను వెంట్రుకల వైపు మెల్లగా నిమిరి, అంచులు శుభ్రం చేసుకోవాలి. తీవ్రమైతే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వారాల తరబడి ఇస్తారు. ఇక్కడ దాని పని సూక్ష్మజీవుల్ని చంపడం కంటే వాపు తగ్గించడమే. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు అది ఇవ్వరు. పిల్లలకు అజిత్రోమైసిన్ లాంటివి వాడతారు. స్టిరాయిడ్ చుక్కలు మంటను త్వరగా దించుతాయి గాని, పర్యవేక్షణ లేకుండా వాడితే నీటికాసులు తెస్తాయి. తెల్లబడాలని ముఖానికి రాసే స్టిరాయిడ్ క్రీములదీ అదే తీరు: మొదట నునుపు, ఆపగానే రొసేషియా లాంటి పొక్కులు.