ఎన్ని సంసారాలో!

సంసారం అంటే తెలుగువారికి ఇల్లు, ఆలుబిడ్డలు. హిందీవారికి లోకం. తమిళులకు భార్య. మలయాళీలకు మాట. ఒక్క సంస్కృత పదం గడప గడపకూ వేషం మార్చింది. అసలు పుట్టినప్పుడు దీనికి ఇంటితో సంబంధమే లేదు. 'సృ' ధాతువుకు కదలడం, పారడం అని అర్థం. ఏటిని సరిత్తు అనడం, ప్రియుణ్ని వెతుక్కుంటూ వెళ్లే నాయికను అభిసారిక అనడం ఆ ధాతువు నుంచే. దానికి 'సం' చేరితే ఎడతెగని నడక, ఒకచోట నిలవకుండా పోతూనే ఉండటం. నిలకడ లేకపోవడమని అర్థమున్న మాట తెలుగులో ఒకచోట కుదురుకుని కాపురం చేయడానికి పేరైంది.

మాటకంటే ముందు భావం వచ్చింది. ఒక గడ్డిపరక కొసకు చేరిన పురుగు మరో పరకను పట్టుకుని ఒళ్లు దగ్గరకు లాక్కున్నట్టు జీవుడు ఒక దేహం విడిచి మరో దేహాన్ని అందుకుంటాడని బృహదారణ్యకోపనిషత్తు చెప్పింది. 'సంసారం' అన్న పదం స్పష్టంగా కనిపించేది కఠోపనిషత్తులో, రథం ఉపమానం దగ్గర. దేహం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. పగ్గం చేతిలో లేనివాడు గమ్యం చేరడు, సంసారంలో పడతాడు. అంటే అక్కడ సంసారం దారి తప్పినవాడి తిరుగుడు. భగవద్గీత పన్నెండో అధ్యాయానికి వచ్చేసరికి అది సముద్రమైంది. మృత్యువుతో కూడిన ఆ సంసార సాగరం నుంచి భక్తుణ్ని దాటిస్తానని కృష్ణుడు మాట ఇస్తాడు. ఈ సముద్రం సంగతి గుర్తుంచుకోవాలి, తెలుగు ఇళ్లలో మళ్లీ తగులుతుంది.

చక్రం, స్వస్తికం

ఈ మాటను బౌద్ధులు పట్టించుకున్నంతగా మరెవరూ పట్టించుకోలేదేమో. పాలీ సంయుత్త నికాయంలో ఒక భాగం మొత్తం దీని గురించే. సంసారానికి మొదలు కనిపించదని, అందులో తిరుగుతూ ఒక్కొక్కరూ కార్చిన కన్నీరు నాలుగు సముద్రాల నీటికంటే ఎక్కువని బుద్ధుడు భిక్షువులకు చెప్పినట్టు అందులో ఉంది. టిబెటన్లు ఈ పదాన్ని 'ఖోర్‌వా' అని అనువదించుకున్నారు, గిరగిరా తిరగడమని దాని భావం. చైనీయులు 'లున్‌హుయి' అన్నారు, అదీ చక్రం తిరగడమే. టిబెట్ సంప్రదాయపు బౌద్ధారామాల ప్రవేశ ద్వారం దగ్గర గోడ మీద కనిపించే భవచక్రం ఈ ఊహకే బొమ్మ. చక్రాన్ని యముడు పళ్లతో, గోళ్లతో పట్టుకుని ఉంటాడు. నడిమధ్యన కోడి, పాము, పంది ఒకదాని తోక ఒకటి నోట కరచుకుని తిరుగుతుంటాయి. అవి రాగం, ద్వేషం, మోహం. వాటి చుట్టూ దేవలోకం నుంచి నరకం దాకా జన్మస్థానాలు.

శ్రీపర్వతంతో, అంటే నేటి నాగార్జునకొండ ప్రాంతంతో, సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు ఈ లెక్కనంతా తలకిందులు చేశాడు. మూలమధ్యమక కారికల ఇరవై అయిదో ప్రకరణంలో సంసారానికీ నిర్వాణానికీ రవ్వంత తేడా కూడా లేదన్నాడు. శూన్యతా దృష్టితో అన్న మాట అది. అయినా సంసారం వదిలితేనే మోక్షమని వాదించేవాళ్లకు అంతకంటే ఇబ్బందికరమైన జవాబు మరొకటి దొరకదు.

జైనుల దారి వేరు. జీవులు రెండే రకాలని ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం చెబుతుంది: సంసారులు, ముక్తులు. ఈ లెక్కన ఇంద్రుడూ సంసారే, ఇంట్లో తిరిగే చీమా సంసారే, అన్నీ విడిచి ఊరూరా నడిచే జైన ముని కూడా ముక్తి పొందేదాకా సంసారే. పెళ్లాం పిల్లలున్నవాడే సంసారి అనుకునే తెలుగు చెవికి ఇది వింతగా ఉంటుంది. జైనుల స్వస్తికంలో నాలుగు చేతులు ఆ సంసారంలోని నాలుగు గతులు: దేవ, మనుష్య, తిర్యక్, నారక.

ఇంట్లోకి వచ్చిన మాట

జన్మల తిరుగుడు ఇంటికి పేరు ఎలా అయింది? సన్యాసి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. బౌద్ధ గ్రంథాలు సన్యాసాన్ని ఇల్లు విడిచి ఇల్లులేనితనంలోకి వెళ్లడంగానే చెబుతాయి. జన్మచక్రం నుంచి బయటపడాలంటే ముందు గడప దాటాలి. కాబట్టి వదిలి వెళ్లిన ఇల్లు, భార్య, పిల్లలు, అప్పులు, పొలం, పశువులు అన్నీ కలిపి అతని దృష్టిలో సంసారమయ్యాయి. నిందగా వచ్చిన ఆ పేరును ఇంట్లో ఉండిపోయినవాళ్లు నింద తీసేసి వాడుకున్నారు. తంజావూరు సీమలోని తిరువయ్యారులో గృహస్థుగానే బతికిన త్యాగరాజు సావేరి రాగంలో 'సంసారులైతేనేమయ్య' అన్న కీర్తన కట్టాడు. దైవాన్ని ఎదుట నిలుపుకున్నవారికి సంసారం అడ్డం కాదన్నది దాని సారాంశం.

తెలుగు వాడుకలోనైతే నింద జాడ కూడా మిగల్లేదు, పైగా గౌరవం చేరింది. 'సంసారపక్షంగా ఉన్నారు' అంటే ఆర్భాటం లేకుండా, పద్ధతిగా ఉన్నారని. 'ఆవిడ సంసారి' అంటే గుణవంతురాలని. ఈ రెండో వాడుకలో ఆడదాని నడతకు కొలబద్ద పెట్టే పాత బుద్ధి దాగి ఉంది. మగవాణ్ని సంసారి అంటే పెళ్లయినవాడనో, పెద్ద కుటుంబం ఉన్నవాడనో మాత్రమే. మాట ఒకటే, తూకం రెండు. 'సంసారం గుట్టు, రోగం రట్టు' అన్న సామెత ఇంటి గొడవలు వీధిన పెట్టవద్దంటుంది. రోగం దాచకూడదన్న సగం మంచిదే. గుట్టు సగం ఎందరో ఆడవాళ్ల నోరు నొక్కింది.

ఇక సముద్రం సంగతి. మొగుడు పోయి, పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి గురించి ఊళ్లో ఏమంటారు? 'పాపం, సంసారం ఈదుకొస్తోంది' అంటారు. కాపురమైతే చేస్తారు, ఇల్లయితే నడుపుతారు. సంసారాన్ని మాత్రం ఈదుతారు. గీతలోని సాగరం ఆ ఒక్క క్రియలో, అనేవాళ్లకు తెలియకుండానే, ఇంకా ఉంది.

మరాఠీ ఈ దారిలోనే నడిచింది. జళగావ్ ప్రాంతపు రైతు స్త్రీ, చదవడం రాయడం రాని బహిణాబాయి చౌధరి 'సంసారం' మీద ఆశువుగా చెప్పిన పాటను మహారాష్ట్రలో ఎరగనివారు అరుదు. పొయ్యి మీది పెనంతో సంసారాన్ని పోల్చిందామె: ముందు చేతులు కాలాలి, ఆ తర్వాతే రొట్టె. బెంగాలీలోనూ సంసారం ఇల్లే. సత్యజిత్ రాయ్ 1959లో తీసిన 'అపూర్ సంసార్' ఇంగ్లిష్‌లోకి 'అపూ ప్రపంచం' అన్న అర్థంతో వెళ్లింది. అసలు పేరులో అపూ ఇల్లు, కట్టుకున్న భార్య, ఆ కాపురం కూలిపోవడం ఉన్నాయి.

హిందీలో 'సారా సంసార్' అంటే లోకమంతా. మనం లోకానికి వాడే 'ప్రపంచం' అక్కడికి వెళ్తే మాయోపాయం, బూటకం. మరాఠీలో ఆ ప్రపంచమూ ఇంటి బాధ్యతలే. తత్సమాలు కదా, తెలిసినవే అనుకుని అనువాదానికి కూర్చునేవాళ్లు బోల్తా పడేది ఇలాంటి చోటే.

వాళయార్ దాటితే

తమిళ వాడుకలో 'ఎన్ సంసారం' అంటే నా భార్య. దక్షిణాన కోవిల్‌పట్టి చుట్టూ ఉన్న నల్లరేగడి సీమలో సంసారి అంటే రైతు. తెలుగు మూలాలున్న కుటుంబంలో పుట్టి ఆ నేల మాటను తమిళ సాహిత్యంలోకి తెచ్చిన కి. రాజనారాయణన్ రచనల్లో ఈ సంసారులు అడుగడుగునా కనిపిస్తారు. కోయంబత్తూరు నుంచి వాళయార్ సరిహద్దు దాటి కేరళలోని పాలక్కాడ్‌లో అడుగుపెట్టగానే సంసారం సంభాషణ అయిపోతుంది. 'మలయాళం సంసారిక్కుమో?' అంటే మలయాళం మాట్లాడతారా అని. 2014లో 'సంసారం ఆరోగ్యత్తిను హానికరం' అని ఒక మలయాళ సినిమా వచ్చింది. తెలుగువారు కుటుంబం ఆరోగ్యానికి చేటని చదువుకుంటారు, దర్శకుడు అన్నది మాటలు చేటని.

సినిమా పేర్లలోనే ఈ తేడా బాగా తెలుస్తుంది. 1986లో విసు తీసిన తమిళ చిత్రం 'సంసారం అదు మిన్సారం'. మిన్సారం అంటే కరెంటు. తెలుగులో ఆ ప్రాస కుదరదు కాబట్టి 1987లో 'సంసారం ఒక చదరంగం' అయింది. హిందీలో 'సంసార్' అని పెట్టుకున్నారు. మలయాళంలో మాత్రం 'కుటుంబపురాణం'. అక్కడ సంసారమని పెడితే కబుర్ల సినిమా అనుకునేవారు.

సముద్రం దాటాక ఈ మాటలో ఇల్లు లేదు, మనసు ఉంది. థాయ్‌లో 'సొంగ్‌సాన్' అంటే జాలిపడటం. ఖ్మేర్‌లో 'సొంగ్‌సా' అంటే ప్రియుడు లేదా ప్రియురాలు. మలయ్, ఇండోనేషియా భాషల్లో 'సెంగ్సారా' అంటే కష్టం, యాతన. ఆధునిక ఇండోనేషియా నవలల్లో తొలినాటిదిగా లెక్కించే, 1920లో వచ్చిన మెరారి సిరెగార్ రచన పేరులోనూ ఆ మాట ఉంది. పునర్జన్మను నమ్మని ఇండోనేషియా క్రైస్తవులు క్రీస్తు శిలువ మీద పడ్డ యాతనకు నేటికీ వాడుతున్న మాట సెంగ్సారాయే.