కార్గిల్ తర్వాత నచికేత

1999 మే 27న బతాలిక్ సెక్టారులో దాడికి వెళ్లిన మిగ్-27 ఇంజన్ గాల్లోనే ఆగిపోయింది. పైలట్ ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత, తెలుగు కుటుంబానికి చెందినవారు. వైమానిక దళం కార్గిల్ పోరులోకి దిగాక అది రెండో రోజే.

జెట్ ఇంజన్‌లో మంట నిలవాలంటే గాలి సమృద్ధిగా అందాలి. కొండల మీద అసలే గాలి పలుచన. ఆయన పేల్చిన 80 మిల్లీమీటర్ల రాకెట్ల పొగ ఇంజన్‌లోకి చేరితే ఇక చెప్పేదేముంది! మళ్లీ రాజేయడానికి ప్రయత్నించి, కుదరక, ఎజెక్షన్ సీటు మీట లాగి బయటపడ్డారు. ఆయన ఎక్కడ దిగారో చూడడానికి చక్కర్లు కొట్టిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా మిగ్-21ను క్షిపణి కూల్చింది. ఆహూజా ప్రాణాలతో తిరిగి రాలేదు. మరణానంతరం వీరచక్ర ఇచ్చారు. ఈ పేరు వదిలేసి నచికేత గురించి చెప్పడం న్యాయం కాదు.

పాకిస్తాన్ సైనికులు నచికేతను పట్టుకుని కొట్టారు. ఒక పై అధికారి అడ్డుపడ్డాకే దెబ్బలు ఆగాయి. జూన్ 3న రెడ్‌క్రాస్ ద్వారా విడుదలై వాఘా మీదుగా వచ్చారు. వాయుసేన పతకం అందుకున్నారు.

పత్రికలకు కథ అక్కడితో అయిపోయింది. ఆయన వెన్నుకు మాత్రం కాలేదు. ఎజెక్షన్ సీటు కింది రాకెట్ మనిషిని రెప్పపాటులో పైకి విసురుతుంది. ఒంటి బరువు ఎన్నో రెట్లై వెన్నుపూసల మీద పడుతుంది. యుద్ధ విమానం మలుపు తిరిగినప్పుడల్లా దెబ్బతిన్న ఆ వెన్నే మళ్లీ భారం మోయాలి. అందుకే ఆయన ఫైటర్లు వదిలి రవాణా విభాగానికి మారి ఇల్యూషిన్-76, ఇల్యూషిన్-78 నడిపారు. రెండోది గాల్లో ఎగిరే పెట్రోలు బంకు: వేలాడదీసిన గొట్టాల చివర ఫైటర్లు వచ్చి ఇంధనం నింపుకుంటాయి. వెనక వచ్చే పైలట్ పొజిషన్ నిలుపుకోవాలంటే ట్యాంకర్ చెదరకుండా సాగాలి. దీన్ని చిన్న పనిగా చూడడం పొరపాటు. నచికేత గ్రూప్ కెప్టెన్ హోదా దాకా ఎదిగారు.

2019 ఫిబ్రవరిలో మరో వాయుసేన పైలట్ అభినందన్ వర్ధమాన్ పాకిస్తాన్‌కు పట్టుబడినప్పుడు నచికేత పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. అభినందన్ మూడో రోజే విడుదలై, సెప్టెంబరుకల్లా మిగ్-21 ఎక్కగలిగారు. ఆ రోజు పఠాన్‌కోట్‌లో ఆయనతో కలిసి ఎగిరిన అప్పటి వైమానిక దళాధిపతి బి.ఎస్. ధనోవా, కార్గిల్ వేళ ఆహూజా పనిచేసిన 17వ స్క్వాడ్రన్‌కు కమాండర్.